సంతకం పైన ఒక మాట

సిరొంచ తహసీలు కచేరీ ఎదుట
నీలం తాడిపత్రి కింద నా బల్ల.
తాత మోడీ లిపిల రాసిండు,
నాయన కార్బన్ కాగితాలు పెట్టి రాసిండు,
నేను కంప్యూటర్ల మరాఠీ కొడ్త.
లిపి మారింది గని
మొదటి వాక్యం మూడు తరాల సంది నడుము ఎత్తలే:
"తమ పాదాల కాడ విన్నవించుకునేది ఏమనగా…"

ఆ వాక్యానికి బలం లేదనను.
రేషన్ కార్డులు తెచ్చింది.
వెనకనీళ్లు మిర్చి చేన్ల నిలిచిన ఏడు
పదకొండు మందికి పంచనామా తెచ్చింది.
ఒంగినోని వీపు మీదికెల్లి వాన జారిపోతదని
నాయన అనేటోడు.

మిరుగు ముందర ఒకనాడు
తోకల వైజంతి వచ్చింది,
సైకిలు నా బల్లకే ఆనించి.
పుణె కాలేజీ అడిగిందట:
మీరెవరో ఐదు వందల మాటల్ల చెప్పండి.
ఫారం మీద "ఆపణ్" అని ఉన్నది, తమరు అన్నట్టు.
"కాకా, వాళ్లే నన్ను తమరంటున్నరు.
మరి నేనేమనాలె?"

నలభై ఏండ్లల ఎవరూ అడగలే నన్నీ మాట.
చేతులు మాత్రం ఆగలే,
తొవ్వ తెలిసిన ఎడ్లు అవి:
"అతి నిరుపేద కుటుంబమున జన్మించిన నేను
తమ దయాదృష్టి…"
చదివి నవ్వింది.
"నేను కరువు పైసలు అడుగుతలేను కాకా."

సరే, నువ్వే రాసింది చూపియ్యమన్న.
ఫోన్‌ల ఉన్నది:
"హాయ్ సర్! నేను వైజూ. లెక్కలంటే పిచ్చి.
మా ఊర్ల నెట్ రాదు, హహ."
ఆ హహ మీద వేలు పెట్టిన.
ఈ నవ్వు ఎవరి కోసం బిడ్డా?
చానాసేపు పలకలే.
"భయమైతే అట్ల రాస్త" అన్నది.

నా పాదాలు గూడ అవే గద.
ఆమె భయం పండ్లు చూపుతది,
నాది వీపు చూపుతది.

ఆమె నాయన ప్రాణహిత మీద పడవ నడిపినోడు.
వంతెన వచ్చినంక గడ
ఇంటి చూరుకు ఎక్కింది.
అవతలి ఒడ్డు మనిషిని ఎట్ల పిలిచేటోడే మీ నాయన?
"నీళ్లు చూసి" అన్నది.
"ఎండకాలం ఉత్తగ, మాట్లాడినట్టే.
వానకాలం రెండు చేతులు నోటికడ్డం పెట్టి.
మొక్కుకుంట ఎన్నడూ పిలువలే.
ఓ అంటడు. ఆ తర్వాత పేరు."

ఇగ ఆ లెక్కన కూసున్నం.
"ఆపణ్" ఒక్కసారి ఉంచినం,
గడప కాడ చెప్పులు ఇడిసినట్టు.
లోపలికి పోయినంక అంతా నేను, నేను.
నిరుపేద పోయింది. దాని జాగల
"మా నాయన పడవ పైసలు
బొగ్గుతోని గోడ మీద రాసేటోడు,
కూడిక నేను ఆడనే నేర్చిన" అని వచ్చింది.
హహ పోయింది, నెట్ రాదు ఉన్నది.
"అత్యంత" ఏడు చోట్ల కొట్టేస్తే
ఒకటి మళ్ల పెట్టమన్నది.
"లెక్కలు నాకు అత్యంత ఇష్టం.
అది నిజమే కాకా, తియ్యకు."

చివర్ల నా వేలు దానంతటదే కొట్టింది:
"ఆపలీ ఆజ్ఞాధారక్."
తమ ఆజ్ఞ మోసేది అని.
బడి చీటీలన్నిట్ల అదే రాయిస్తరు.
"ఇంకా చేర్చుకోనే లేదు,
ఆజ్ఞ యాడికెల్లి వచ్చింది?"
తుడిపేసి ఉత్త పేరు పెట్టింది.
పేరు కింద ఊరు.
ఊరి కింద నది పేరు కొట్టి, ఆగి,
"ఎక్కువైతదా?" అన్నది.
తెల్వదన్న. నిజంగనే తెల్వదు.

ముప్పై రూపాయలిచ్చి పోయింది.
సీటు సంగతి ఇంకా తెలియలే.

ఆమె వెనకాల ఆసరెల్లి ముసలాయన,
కూలిన బావి కోసం అర్జీ.
"నీకు తెలిసినట్టు రాయి పంతులూ."
"తమ పాదాల" దాక కొట్టి
చేతులు బల్ల మీద పెట్టుకున్న.
బావి ఎంత లోతుండె, అని అడిగిన
ముందుగల.